చప్పుడు లేని గది

జాలి నాకు పడదు. ఒకరి మీద చూపించడమూ రాదు, నా మీద చూపిస్తే తీసుకోవడమూ రాదు. సూరత్‌లో మా సాంచల వాడల్లో పిల్లలతో, వాళ్ల కుటుంబాలతో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నానని తెలిసినవాళ్లు నన్ను మెత్తని మనిషి అనుకుంటారు. నాతో ఒక పూట కూర్చుంటే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

సాంచ అంటే మా వాళ్ల మాటలో మరమగ్గం. ఊళ్లో మాకు మరమగ్గాలు లేవు, చేతి మగ్గాలే. తెలంగాణలో, మానేరు ఒడ్డున నలభై మగ్గాల ఇల్లు మాది. తాత కులపెద్ద. మా అరుగు మీద కూర్చుని ఆయన ఒక మాట అంటే దానికి ఎదురు లేదు. ఆ మగ్గాలు ఒక్కొక్కటే పోయాయి. ఆఖరికి అరుగుతో సహా ఇల్లూ పోయింది. నాన్న సూరత్ వచ్చి ఖటోదరాలో ఇంకొకరి సాంచల మీద పనికి కుదిరాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి వెళ్లేవాడు. కార్ఖానాలో దాన్ని విప్పి మేకుకు తగిలించి, పన్నెండు గంటలు బనీనుతో నిలబడి, మళ్లీ అదే చొక్కా తొడుక్కుని తల దించకుండా ఇంటికి వచ్చేవాడు. తోటి పనివాళ్లు "దొరవారొచ్చిండ్రు, జరుగుండ్రి" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆయనకు వినిపించనట్టే ఉండేది. ఎవరైనా ఏమైందని అడిగితే ఏం కాలేదని చెప్పాలి. మాకు ఇంట్లో నేర్పిన మొదటి పాఠం అది.

అందుకేనేమో, మా సంస్థవాళ్లు మూడు రోజుల శిక్షణకు పంపినప్పుడు నాకు ఆ పద్ధతి వెంటనే నచ్చింది. అహ్మదాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ హిందీలో చెప్పింది. మనసుకు పెద్ద దెబ్బ తగిలిన పిల్లలతో ఎట్లా మెలగాలన్నది విషయం. జరిగినదాన్ని గుచ్చి గుచ్చి అడగకూడదు. మనం ఏం చేయబోతున్నామో ముందే చెప్పాలి. తలుపు దగ్గరి చోటు పిల్లకు వదిలి మనం లోపలి వైపు కూర్చోవాలి. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు లేచి వెళ్లిపోవాలో ఆ పిల్ల ఇష్టం. ఇంటివాళ్లతోనూ అంతే. పక్కవాళ్లు ఇదంతా కొత్త సంగతిలా రాసుకుంటుంటే నేను పెన్ను మూసేశాను. మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లకు దీన్ని వేరే నేర్పాలా అనుకున్నాను.

ఆ గీర నాకు ఎంత ఖర్చయిందో ఇప్పుడు రాస్తున్నాను.

ఆ అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. తెలుగు మీడియం బడిలో తొమ్మిదో తరగతి. అంతకు ముందు ఏడాది వానాకాలంలో వాళ్ల నాన్న పనిచేస్తున్న కార్ఖానాలోనే కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. ఆయనకు అన్నం డబ్బా తీసుకుని ఆ సమయానికి ఈ పిల్ల ఆ కార్ఖానా మెట్ల మీద ఉంది. ఏం చూసిందో, ఎంత చూసిందో ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు బడి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. తరగతి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు స్కేలుతో బల్ల మీద కొడుతుంది. వద్దంటే లేచి బయటికి పరుగెడుతుంది. అర్ధసంవత్సర పరీక్షలో మొదటి అరగంటకే కాగితం వదిలేసి పోయింది. ముందు బెంచీలో కూర్చుని లెక్కలు చేసే పిల్ల.

బడివాళ్లు నా దగ్గరికి పంపారు. సలాబత్‌పురాలో మా ఆఫీసు పాత మేడలో ఉంది. దాని వెనక వైపు ఒక గది. గోడలు మందం, ఒకటే కిటికీ. తలుపు వేస్తే బజారు ఉందో లేదో తెలియదు. అంత రద్దీలో అలాంటి గది దొరకడం నా గొప్పే అన్నట్టు అందరికీ చూపించేదాన్ని. ఆ పిల్లను అక్కడికే తీసుకెళ్లాను. తలుపు దగ్గర కుర్చీ ఆమెకిచ్చాను. ఫ్యాను కిర్రుమంటుంటే అది కూడా ఆపేశాను. "ఈడ నీకేం భయం లేదు బిడ్డా" అన్నాను.

ఐదు నిమిషాల్లో వెళ్లిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు మోకాలి మీద పిడికిలితో కొట్టుకుంటూ కూర్చుంది. మూడోసారి మణికట్టు కొరుక్కుంది. ఎర్రగా పళ్ల గాట్లు. నేను ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు, నేర్పిన పద్ధతిలో ఒక్కటీ తప్పలేదు. నాలుగోసారి రాలేదు. ఫైల్లో "సహకరించడం లేదు" అని రాశాను.

ఆ వారమే ఊరి నుంచి ఆ పిల్ల పెదనాన్న వచ్చాడు. పిల్లకు గాలి సోకిందనీ, ఊరికి తీసుకెళ్లి చూపించి తన దగ్గరే ఉంచుకుంటాననీ కుల సంఘంలో చెప్పాడు. సూరత్‌లో మా కుల సంఘం చెప్పిందే మా వాడల్లో నడుస్తుంది. ఇల్లు దొరకాలన్నా పని దొరకాలన్నా సంఘం మాట కావాలి. పెద్దలు ఆలోచించి ఒక మాట అన్నారు. ఆదివారం పిల్లను సంఘం హాలుకు తీసుకురావాలి. ఆ రోజు ఏం చూసిందో అందరి ముందూ తన నోటితో చెప్పాలి. లోపల ఉన్నది కక్కేస్తే భయం పోతుంది, అప్పుడు ఇక్కడే ఉండొచ్చు. చెప్పకపోతే గాలి సోకినట్టే, పెదనాన్న వెంట పోవాలి.

ఆ పిల్ల తల్లి మా ఆఫీసుకు వచ్చి కూర్చోమన్నా కూర్చోలేదు. చీరలకు చమ్కీలు అతికించే పని చేస్తుంది. గోళ్ల కింద జిగురు ఎండిపోయి ఉంది.

"నా బిడ్డను దీస్కపోతరట మేడం. ఆయన పోయిండు, సరే. గిదిగూడ పోతె నేనెవలికి వండాలె? మీరు రాసిన కాయితం ఏదన్న ఉంటె ఇయ్యుండ్రి, చూపెడత."

నా దగ్గర ఉన్న కాగితంలో ఏం రాసి ఉందో నాకు తెలుసు. ఇవ్వలేదు. "నేనే మీ ఇంటికి వస్త" అన్నాను.

గురువారం మధ్యాహ్నం వెళ్లాను. కింద సాంచలు, పైన వరసగా గదులు. మెట్లెక్కుతుంటే కాళ్లలోకి వణుకు ఎక్కుతుంది. గదిలో తల్లి ముందున్న పళ్లెంలో చమ్కీలు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. ఆ పిల్ల నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేస్తోంది. నన్ను చూసి లేచి, ఆ హోరులో గొంతు పెంచి అంది:

"చెప్పులు లోపటికి దెచ్చుకోండ్రి మేడం! కింద కుక్క ఉన్నది, ఒక్కటే ఎత్కపోతది!"

"రెండూ ఎత్కపోతె మంచిగుండు" అంది తల్లి. "ఒక్కటి మిగిలి ఏడ్పిస్తది."

నాతో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే. నాలుగు వారాలుగా మూగదనుకున్న పిల్ల కుక్క సంగతి, పక్కింటివాళ్ల టీవీ సంగతి, లెక్కల సారు మీసం సంగతి అరిచి అరిచి చెప్పింది. పావుగంట గడిచింది.

కరెంటు పోయింది.

కింద నలభై ఎనిమిది సాంచలు ఒక్కసారే ఆగిపోయాయి. ఆ పిల్ల మాట మధ్యలో తెగింది. ముఖం తెల్లబడింది. చేత్తో తడుముకుంటూ పక్కనున్న స్టీలు పళ్లెం అందుకుని గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. ఖట్, ఖట్, ఖట్. తల్లి తల కూడా ఎత్తలేదు. చమ్కీ అతికిస్తూనే ఎడమ చేత్తో గిన్నె మూత తీసి నేలకేసి తానూ కొట్టసాగింది. కింద ఎవరో కేక వేశారు, ఇంకొకరు బదులిచ్చారు.

"ఎవలకన్న ఏమన్నయిందా?"

"ఏం గాలే! కరెంటు వోయింది!"

మళ్లీ కరెంటు వచ్చి సాంచలు అందుకునేదాకా తల్లీ కూతుళ్లు అట్లాగే కొట్టారు. సాంచలు నడిచాక పిల్ల పళ్లెం కింద పెట్టి, ఏమీ జరగనట్టు కొంగుతో చెమట తుడుచుకుంటున్న తల్లి వైపు చూసి, పెన్సిలు అందుకుంది.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. గోడకు ఆనుకోవడం మా ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కాదు.

ఖటోదరాలో మా చిన్నప్పుడు ఎదురుగా కార్ఖానా ఉండేది. వేళ కాని వేళ సాంచలు ఆగితే అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు పనిలో ఉన్నారని పేరు పేరునా అడిగేది. మళ్లీ చప్పుడు మొదలయ్యాకే లోపలికి వెళ్లేది. మా వాళ్లు ఆ హోరులోనే నిద్రపోతారు, ఆ హోరులోనే పిల్లలకు పాలిస్తారు. చప్పుడు ఉందంటే అందరూ బాగున్నారని. ఆగిందంటే ఎవరికో ఏదో అయిందని. ఈ పిల్ల మెట్ల మీద అన్నం డబ్బాతో నిలబడి ఉండగా వాళ్ల నాన్న పనిచేసే సాంచలన్నీ ఇట్లాగే ఆగి ఉంటాయి. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతి ఇది. తెలిసీ, ఆ పిల్లను తీసుకెళ్లి చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను కూడా ఆపి, నీకేం భయం లేదన్నాను. శిక్షణ ఇచ్చినావిడకు మా వాళ్ల సంగతి తెలియదు. నాకేమైంది?

"తప్పు నాది బిడ్డా" అన్నాను. "ఆ గదికి ఇంక నిన్ను పిలువ."

ఆమె పెన్సిలు ఆపి అడిగింది. "గా గదిల మీకు భయం గాదా మేడం?"

ఏం కాదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అయితది" అన్నాను. "నేను చెప్పుకోను, అంతే."

ఆదివారం సంగతి ఆమెకు దాచకుండా చెప్పాను. ఎవరు వస్తారు, ఏం అడుగుతారు, చెప్పకపోతే ఏం చేస్తామంటున్నారు. తల్లి చేతిలో చమ్కీ ఆగింది. "పోతవా?" అని అడిగాను.

"పోను."

"సరే" అన్నాను. ఆ ఒక్క మాటకు ఎంత బరువు మోయాల్సి ఉంటుందో తెలిసే అన్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. నేను, ఆ తల్లి వెళ్లాం. సంఘం పెద్ద ఒకప్పుడు సాంచ మీద పనివాడిగా వచ్చి ఇప్పుడు సొంతంగా కార్ఖానా పెట్టుకున్నవాడు. ఆయన పక్కన తుండు భుజాన వేసుకుని పిల్ల పెదనాన్న.

"పిల్లేది?" అన్నాడు పెద్ద.

"తీస్కరాలే."

"నువ్వు తేలేదా, అది రాలేదా?"

"రానన్నది. నేను సరే అన్న."

హాలంతా నవ్వింది. "పద్నాలుగేండ్ల పోరి రానన్నదట, పెద్దింటామె సరే అన్నదట!" అన్నాడొకడు. "మా ఇంట్ల పోరడు బడికి పోనంటుండు, వాణ్ని గూడ నీ కాడికి తోల్త అక్కా!" అని ఇంకొకడు.

"తోలు" అన్నాను. "ఎందుకు పోనంటుండో నువ్వు ఒక్కసారన్న విన్నవా?"

పెదనాన్న లేచాడు. ఆయన నవ్వడం లేదు. "గా నవ్వులు బంజెయ్యుండ్రి" అన్నాడు. "అమ్మా, నేను పిల్లను కొట్టెటోన్నా? తిట్టెటోన్నా? నా తమ్ముడు పోయిండు. నేను వచ్చేసరికి గుడ్డ కప్పిండ్రు. ఆఖరికి వాడు ఏమన్నడో, ఎట్ల పోయిండో జూసింది గదొక్కతే. నాకు దెల్వద్దా?"

ఆయన అడిగింది అన్యాయం కాదు. దానికి ఆ పిల్లను నిలబెట్టడమే అన్యాయం.

పెద్ద నా వైపు తిరిగి గొంతు మార్చాడు. "చూడమ్మా. మీ తాత అరుగు సంగతి మాకు ఎర్కలేదా? మా బాపు ఇప్పటికీ చెప్తడు. ఎంత దుఃఖమున్నోళ్లనైనా నిలబెట్టి, నోటెంబడి చెప్పించి, అప్పుడు తీర్పు జేసెటోడు. తీర్పంటే గాయినదే. గాయిన మనుమరాలివి, నువ్వే గిట్లంటే ఎట్ల?"

సూరత్‌కు వచ్చిన నాటి నుంచి నలుగురిలో మా ఇంటి గురించి అంత మంచి మాట ఎవరూ అనలేదు. నాన్న బతికి ఉంటే ఆ మాట వినడానికే కొత్త చొక్కా కుట్టించుకునేవాడు. తల ఊపి ఊరుకుంటే చాలు, ఆ హాల్లో నాకు కుర్చీ వేసేవాళ్లు.

"చెప్పించిండు" అన్నాను. "నేను కండ్లార చూసిన. నాకు తొమ్మిదేండ్లు. పెద్దమనుషులకు మంచినీళ్లు ఇచ్చుడు నా పని. మా ఇంట్ల నూలు కండెలు చుట్టే ఒకామెకు జరగరానిది జరిగింది. అరుగు ముందట నిలబెట్టి చెప్పుమన్నడు. చెప్పింది. ఇంకో పెద్దమనిషి ఆలస్యంగ వచ్చిండు, ఆయన వినలేదని మల్లొకసారి చెప్పించిండ్రు. ఇంకొకాయన నమ్మలేదు. మూడోసారి చెప్పించిండ్రు. తీర్పు ఆమె దిక్కే అయింది. అందరు మా తాతను మెచ్చుకున్నరు, నేను గూడ మురిసిన. ఆమె తెల్లారి నుంచి గోడ దిక్కు తిరిగి కండెలు చుట్టింది. సచ్చేదాక గోడ దిక్కే. మా తాత చేసింది తప్పు. ఆయన మనుమరాలిని గనుకనే చెప్తున్న, తప్పు."

గొంతు వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు ఇది రాసేదాన్ని కాదు.

తర్వాత పెద్దను అడిగాను. "ఇప్పుడు మీ కార్ఖానాల సాంచలన్ని ఒక్కసారే బందైనయనుకోండ్రి. ఏం జేస్తరు?"

"ఏం జేస్త? ఉరుకుత."

"ఎందుకు?"

ఆయన చెప్పేలోపే వెనక వరసలో నుంచి ఒక ముసలాయన అన్నాడు, "ఎవనికేమైందో అని. ఇంకెందుకు?"

"నాకు ఇప్పటికీ గుండె ఝల్లంటది" అన్నాడు ఇందాక నవ్వినవాడు.

"ఆ పిల్లకు ఎక్కడ చప్పుడు లేకుంటే అక్కడ గదే ఐతున్నది" అన్నాను. "బళ్లె, పరీక్షల, నా ఆఫీసుల. నాకూ సమజ్ గాక ఆమెను మూసిపెట్టిన. గాలి లేదు, ధూళి లేదు. మీరందరు ఏడాదికి ఒక్కసారి ఉరుకుతరు, ఆమె రోజూ ఉరుకుతున్నది. ఉరికేదాన్ని పట్టి ఈడ నిలబెట్టుమంటున్నరు. నేను తీస్కరాను. ఇయ్యాల తీస్కరాను, వచ్చే ఆదివారం గూడ తీస్కరాను."

పెద్ద మీసం దువ్వుకున్నాడు. "అయితే ఏం జెయ్యమంటవ్?"

"ఎక్కడ ఉంటవని ఒక్క మాట అడుగుండ్రి. వాళ్ల ఇంట్ల, సాంచలు నడుస్తుంటే. ఆ రోజు సంగతి మాత్రం ఎవలూ ఎత్తొద్దు."

"మేము గా పిల్ల కాడికి పోవాలెనా?"

"పోవాలె."

సోమవారం పొద్దున వచ్చారు. అంతకు ముందే ఆ పిల్లను అడిగాను, ఎంతమంది రావచ్చు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అని. "ఒక్కలు లోపటికి రావాలె" అంది. "పెదబాపును మెట్ల మీద కూసోమనుండ్రి. తలుపు ఏయొద్దు." ఊళ్లో నలుగురిలో కూర్చునే మనిషి మెట్ల మీద కూర్చున్నాడు. పెద్ద గుమ్మం దాటి, హోరులో ఒంగి, పెద్దగా అడిగాడు.

"ఏడ ఉంటవ్ బిడ్డా? ఊళ్లెనా, ఈడనా?"

"ఈడనే! అవ్వ కాడ! బడికి పోత!"

మెట్ల మీద పెదనాన్న లేచాడు. "బిడ్డా, మీ బాపు ఆఖరికి..."

"అన్నా, జర ఆగు" అని పెద్ద బయటికి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. ఆయన మళ్లీ కూలబడి తుండులో ముఖం పెట్టుకున్నాడు. ఏడుపు సాంచల హోరులో వినిపించలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. పిల్ల గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయనకు రెండు మెట్ల పైన పెట్టి, వెనక్కి వచ్చి తన చోట కూర్చుంది. ఎవరూ ఆమెను తెమ్మనలేదు. ఆయన మరునాటి బండికి ఒక్కడే వెళ్లిపోయాడు.

బడిలో ఒకే ఒక్కటి అడిగాను. పరీక్ష గదిలో కార్ఖానా వైపు కిటికీ తెరిచి ఉంచండి, ఆ పిల్లను దాని పక్కన కూర్చోబెట్టండి. మిగతా పిల్లలకు ఇబ్బంది కాదా అన్నారు. ఒక్క పిల్ల కూడా ఫిర్యాదు చేయలేదు. అందరూ సాంచల మీది ఇళ్లలో పుట్టినవాళ్లే.

హైదరాబాద్ నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "తాత పరువు సంఘంల వెట్టినవట?"

"పెట్టిన" అన్నాను. "నిలబడ్తదేమో చూద్దమని."

ఫోన్ పెట్టేశాడు. సంఘం పండుగలకు నన్ను ఇప్పుడు పిలవరు. ఎదురుపడితే పెద్ద మాత్రం నమస్తే పెడతాడు, తొందరగా.

అందరూ నన్ను అడిగేది ఒకటే. చివరికి ఆ పిల్ల ఏం చెప్పింది, ఏం చూసిందట? రెండేళ్లు కావస్తోంది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడగని పనికి జీతమేంటని మా ఆఫీసులోనే ఒకరన్నారు. అననీ.

ఈ ఏడాది ఆమె పదకొండో తరగతిలో చేరడానికి ఫారం ఇవ్వడానికి వెళ్తే నేనూ వెంట వెళ్లాను. కౌంటర్లో ఒకాయన ఫారం చూస్తూ, తండ్రి పేరు ముందున్న ‘స్వర్గీయ’ అనే మాట దగ్గర వేలు ఆపాడు. అయ్యో అని నాలుక చప్పరించి, ఎట్లా పోయాడమ్మా అని హిందీలో అడిగాడు. ఊరికే, మంచితనంతో. నా వీపు దానంతటదే నిటారుగా అయింది. ఒక అడుగు ముందుకు వేయబోయి ఆగాను. అడిగింది నన్ను కాదు.

"ఆ ప్రశ్న ఫారంలో లేదు సార్" అందామె, హిందీలోనే, మెల్లగా. "ఉన్నవన్నీ నింపాను. చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. ముద్ర వేసి రసీదు చించి ఇచ్చాడు.